విశాఖ నుంచి హైదరాబాద్‌కు స్ట్రాబెర్రీ: విమానమా, రాత్రి బండా?

చింతపల్లి, లంబసింగి ప్రాంతంలో స్ట్రాబెర్రీ కోతలు మొదలయ్యాయంటే రైతులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "విశాఖ నుంచి హైదరాబాద్‌కు విమానం గంటంపావులో వెళ్తుంది కదా, పండ్లు అందులో పంపితే లాభమా?" దీనికి జవాబు విమాన సమయంలో లేదు. పండు మొక్క నుంచి తెగినప్పటి నుంచి కొనేవారి చేతికి చేరే వరకు పట్టే మొత్తం సమయంలో ఉంది.

దూరం, సమయం

విశాఖ, శంషాబాద్ విమానాశ్రయాల మధ్య ఆకాశ మార్గంలో దూరం సుమారు 510 కి.మీ. రోడ్డు మీదైతే 600 కి.మీ. పైమాటే. జెట్ విమానానికి గంటా పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. చిన్న ఏటీఆర్ విమానమైతే ఇంకొంచెం ఎక్కువ. విజయవాడకు ఆకాశ దూరం 300 కి.మీ. లోపే కాబట్టి అక్కడికి విమానంతో కలిసొచ్చే సమయం ఇంకా తక్కువ.

ఇప్పుడు పండు ప్రయాణం లెక్క వేద్దాం.

- ఉదయం 7–9: మంచు ఆరాక కోత
- 9–10: ఏరివేత, డబ్బాల్లో నింపడం
- 10–1.30: ఘాట్ రోడ్డు, నర్సీపట్నం మీదుగా విశాఖ విమానాశ్రయం
- 1.30–4: తూకం, భద్రతా తనిఖీ, రసీదు, ఎక్కింపు
- 4–5.20: విమానం
- 5.20–8: సరుకు విడిపించుకుని నగరంలోకి చేర్చడం

మొత్తం 13 గంటలు. అందులో విమానం గాలిలో ఉన్నది గంటంపావే. పైగా రాత్రి 8 గంటలకు చేరిన పండు తెల్లవారుజామున మార్కెట్ తెరిచే వరకు ఆగాలి. అదే రోజు సాయంత్రం 5 గంటలకు మీ ఊరి నుంచి తుని, రాజమండ్రి మీదుగా బయలుదేరిన బండి కూడా ఆ తెల్లవారుజాముకే చేరుతుంది. మధ్యాహ్నమంతా పండును చల్లబరచడానికి వీలు చిక్కుతుంది. చల్లదనం ఉన్న బండి దొరికితే రాత్రి ప్రయాణమే మేలు.

విమానం ఎప్పుడు లాభం?

హైదరాబాద్‌లో హోటల్ గానీ, దుకాణం గానీ ఆ సాయంత్రమే సరుకు తీసుకుంటామని ముందే ఒప్పుకుంటే పంపవచ్చు. ఢిల్లీకి ఆకాశ దూరం సుమారు 1,350 కి.మీ. రోడ్డు మీద రెండు రోజుల ప్రయాణం కాబట్టి అక్కడికి విమానమే దారి.

కిరాయి లెక్క

విమానంలో అసలు బరువు, పరిమాణపు బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి కిరాయి కడతారు. డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 6,000తో భాగిస్తారు. 40×30×15 సెం.మీ. అట్టపెట్టెకు 3 కిలోలు వస్తుంది. అందులో 200 గ్రాముల డబ్బాలు పది, అంటే 2 కిలోల పండే పెడితే మీరు 3 కిలోలకు కడుతున్నట్టే. పెట్టె కొలత మార్చే ముందు ఈ లెక్క వేసుకోండి.

పాటించవలసినవి

- దూర ప్రాంతానికైతే పండు ముప్పాతిక వంతు ఎర్రబడగానే కోయండి.
- పండ్లు కడగవద్దు. తడి ఉంటే బూజు పడుతుంది.
- కోసిన వెంటనే నీడకు చేర్చి, వీలైనంత త్వరగా చల్లబరచండి. స్ట్రాబెర్రీకి 0–2 డిగ్రీలు అనుకూలం.
- బయలుదేరే ముందు రోజే కార్గో కార్యాలయానికి ఫోన్ చేసి, సరుకు ఎన్ని గంటలకు ఇవ్వాలో, చోటు ఉందో లేదో కనుక్కోండి. ప్రయాణికుల విమానంలో సామాన్లు పోగా మిగిలిన చోటే సరుకుకు దక్కుతుంది.
- అవతల విడిపించుకునే మనిషి పేరు, ఫోన్ నంబరు రసీదు మీద రాయించండి.

ఇప్పటి విశాఖ విమానాశ్రయం నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగలో ఉంది. విమానాలు భోగాపురం నుంచి నడిచినప్పుడు చింతపల్లి వైపు రైతులు రోడ్డు ప్రయాణానికి మరో గంట కలుపుకోవాలి. భీమిలి, విజయనగరం వైపు వారికి అది దగ్గర.

మొదటిసారే మొత్తం కోత పంపకండి. నాలుగైదు పెట్టెలు విమానంలో, నాలుగైదు బండిలో పంపి, చేరిన పండు నాణ్యత, చేతికి వచ్చిన డబ్బు పోల్చుకుని నిర్ణయించుకోండి. సందేహాలుంటే మీ రైతు సేవా కేంద్రంలో గానీ, చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో గానీ అడగండి.