ఆంగ్లభాషలో పొల్లుమాటలు

నలుగురాడువారు వసారాలో కూర్చుండి మాటలాడుకొనుచుండగా, దారిని బోవు పెద్దమనిషి యొకడు "అమ్మలక్కల కబుర్లు!" అని నవ్వి సాగిపోవుట మన మెరిగినదే. అమ్మ యనుటలోగాని, అక్క యనుటలోగాని నింద యిసుమంతయు లేదు. పిలుపులలో నవి పూజ్యమైనవి. అయినను ఆ రెంటిని జతగూర్చి, కబుర్లను తోకగా తగిలించినంతనే అవి పనిలేని పలుకులైపోయినవి. సరిగా నిట్టి దుర్గతియే ఆంగ్లభాషలో నొక మాటకు బట్టినది. ఆ మాట గాసిప్.

నేడు గాసిప్ అనగా పరుల గుట్టుమట్లను గూర్చిన పోసుకోలు కబురు. సినిమా పత్రికల పుణ్యమా యని యీ మాట తెలుగువారికిని బాగుగనే పరిచితము. కాని ప్రాచీనాంగ్లమున దీని రూపము గాడ్‌సిబ్. గాడ్ అనగా దేవుడు. సిబ్ అనగా చుట్టము. క్రైస్తవ శిశువునకు జ్ఞానస్నానము జరుగునపుడు పూచీగా నిలిచి, ఆ బిడ్డ ధర్మమార్గమున నడచునట్లు చూతునని మాట యిచ్చిన వ్యక్తికి అది గౌరవనామము. రక్తసంబంధము లేకున్నను దైవసాక్షిగా నేర్పడిన బంధుత్వ మన్నమాట. కాలక్రమమున ఆ పేరు ఆప్తమిత్రుల కెల్ల వర్తించినది. అటుపిమ్మట, ప్రసవవేళ తల్లి చెంత చేరి తోడుండు ఇరుగుపొరుగు స్త్రీలను ప్రత్యేకముగా గాసిప్పులని పిలువసాగిరి.

ఆ గదిలోనికి సాధారణముగా పురుషులకు ప్రవేశము లేదు. లోపల నున్నవారు నీరు కాచుదురు, చేయి పట్టుకొందురు, ధైర్యము చెప్పుదురు. ప్రాణభయముతో గడచు గంటలను మాటలతో దాటింతురు. గడప వెలుపల నిలిచిన మగవానికి వినబడినది మాటల చప్పుడు మాత్రమే, లోపలి పని కనబడలేదు. అందుచేతనే కాబోలు, 16వ శతాబ్దిలోనే గాసిప్ అనగా వదరుబోతు స్త్రీ యను అర్థము పొడసూపినది. 19వ శతాబ్ది ఆరంభమునకు మనిషిని విడిచి, ఆమె యాడు మాటలకే ఆ పేరు స్థిరపడినది. దేవుని చుట్టము వీధిచుట్టమైనది.

పొల్లుమాటకు పేరుపెట్టు పదములను వెదకి చూచినకొలది, వాటిలో పెక్కు పలికినవానినిగాక, వినినవాని చిన్నచూపును పట్టియిచ్చునవిగా నాకు తోచుచున్నవి. బాబుల్ అను మాటను జూడుడు. పసిబిడ్డ బ, బ యని పెదవులు కలుపు చప్పుడునుండి అది పుట్టినది. బైబిలునందలి బాబెలు గోపురమునుండి వచ్చినదని కొందరందురుగాని, పండితు లందుల కాధారము కానరాదనిరి. ఇట్టి అనుకరణమే గ్రీకులును చేసిరి. తమ భాష యెరుగని పరదేశుల పలుకు వారి చెవికి బర్, బర్ అని వినబడగా, వారినెల్ల బార్బరోస్ అనిరి. ఆంగ్లమున అనాగరికుని జెప్పు బార్బేరియన్ అందుండి వచ్చినదే. మన సంస్కృతమునను బర్బర శబ్దము కలదు; దానికిని నత్తిమాట, మ్లేచ్ఛుడు అనునవే యర్థములు. రెండు మహాభాషలు పొరుగువాని భాషను నేర్చుకొనుటకంటె నవ్వుటయే సులువని తలచినవి కాబోలు!

జిబ్బరిష్ అను మాటకు 1755లో తన నిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్ పండితుడు గెబర్ అను రసవాది పేరు మూలమని యూహించెను. గెబర్ అనగా అరబ్బుదేశపు జాబిర్. గూఢభాషలో వ్రాసినవాని పేరు అర్థములేని మాటలకు వచ్చినదని ఆయన భావము. నేటివారు దీని నంగీకరింపరు. ఇదియు నోటి గలగలకు అనుకరణమే యందురు. ఇక డ్రివెల్ అను మాటకు మొదటి యర్థము నోటినుండి కారు చొంగ. మనవారును చొల్లు కబుర్లనుచున్నారు గదా! బాల్డర్‌డాష్ మొదట పొసగని పానీయముల కలగలుపునకు పేరు; పాలును బీరును కలిపి త్రాగినవాని ముఖము నూహించినచో ఆ పదము తరువాతి చరిత్ర చెప్పనక్కరలేదు.

పెద్దలను వ్రేలెత్తి చూపు మాటలును లేకపోలేదు. వాటిలో మేటి బంకం. ఉత్తర కెరొలైనా రాష్ట్రమున బంకం అను మండల మొకటి కలదు. ఆ ప్రాంతపు ప్రతినిధి ఫీలిక్స్ వాకర్. 1820లో అమెరికా ప్రతినిధి సభలో మిసోరి సమస్య చర్చకు వచ్చెను. ఆ ప్రాంతమును రాష్ట్రముగా జేర్చుకొనునపుడు అక్కడ బానిసత్వము నుండనీయవలెనా, వలదా యనునదే వివాదము. వేలకొలది మనుష్యుల బ్రదుకు ఆ తీర్పుపై ఆధారపడియున్నది. చర్చ ముగిసి ఓట్లు తీసికొనబోవు వేళ వాకర్ లేచి ఉపన్యాసము మొదలుపెట్టెను. కూర్చుండుమని తోడిసభ్యులు కేకలు వేసిరి. ఆయన వినక, తాను సభకొరకు గాదు, బంకముకొరకు మాటలాడుచున్నానని బదులుచెప్పెనట! ఎదుట కూర్చున్నవానికి గాక, ఊరిలోని ఓటరునకు వినిపించు మాటయే అప్పటినుండి బంకమైనది. వ్రాతలో వర్ణక్రమము మారినది, పలుకుబడి మారలేదు. మిసోరి మరుసటియేడు బానిసరాష్ట్రముగనే చేరినది. బంకమే కుదించుకొని బంక్ అయినది. 1923లో వుడ్‌వర్డ్ అను రచయిత యొక నవలలో, బూటకమును బయటపెట్టుట యను నర్థమున డీబంక్ అను క్రియను కల్పించెను.

రెండవది గాబుల్‌డీగూక్. దీనిని 1944లో టెక్సాసువాడగు మౌరీ మావెరిక్ కల్పించెను. ఈయన తాత తన పశువులకు ముద్రలు వేయింపనందున, ఏ మందకును చెందనివానికి ఆ యింటిపేరే మాటగా నిలిచియుండెను. పదములను పుట్టించుట ఆ వంశమునకు వాడుకయే. యుద్ధకాలమున నొక ప్రభుత్వసంస్థకు అధ్యక్షుడైయుండి, తన యొద్దకు వచ్చు కాగితముల భాషను భరింపలేక, క్లుప్తముగా, తేటగా వ్రాయుడని ఉద్యోగులకు తాఖీదు పంపెను. ఫలానా బరువుమాటలను వాడినవానిని కాల్చివేయుదుమని అందులో చమత్కరించెను. ఈ పేరెట్లు తోచినదని యడుగగా, తన రాష్ట్రమున మెడ నిక్కించి కూయు టర్కీకోడి స్మరణకు వచ్చెనని చెప్పెను.

వేదికపై సాగు వ్యర్థప్రసంగమునకు మనకును చక్కని పేరు కలదు: ఊకదంపుడు. రోకలి చప్పుడేగాని గింజ రాలదు. కాని పల్లెటూరి రైతు చేతికి వచ్చిన నోటీసును పట్టుకొని, ఇది పొలము నిచ్చుచున్నదో తీసికొనుచున్నదో తెలియక చదువుకొన్నవానిని వెదకికొనుచు పోవునే, ఆ నోటీసులోని భాషకు నే నెరిగినంతలో ఇంకను పేరు లేదు.