ఫోటో వెనక పేర్లు

ఇప్పటి కంప్యూటర్ బల్ల మీద పడుతుంది. ఒళ్లో పెట్టుకునేవీ ఉన్నాయి. పూర్వం అలా కాదు.

అమెరికాలో ఫిలడెల్ఫియా అనే నగరం ఉంది. 1946లో అక్కడ ఒక కంప్యూటర్‌ను లోకానికి చూపించారు. దాని పేరు ఎనియాక్. బరువు సుమారు 30 టన్నులు. పెద్ద గది నిండా అదే! పాత రేడియోల్లో గాజు వాల్వులు ఉండేవి కదా? అలాంటివి ఇందులో దాదాపు 18 వేలు.

అది సైన్యం కోసం లెక్కలు చేసేది. ఆ లెక్కలు ఎలా చేయాలో మొదట దానికి చెప్పింది ఎవరు? ఆరుగురు ఆడవాళ్లు. వాళ్లకు నేర్పే పుస్తకం లేదు. యంత్రం పటాలు చూసి తామే నేర్చుకున్నారు. తీగలు కలిపి, మీటలు తిప్పి లెక్క చేయించారు.

1955లో ఎనియాక్‌ను ఆపేశారు. అంతా తుక్కు కింద పారేయలేదు. కొన్ని భాగాలు దాచారు. అవి ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి.

యంత్రం మిగిలింది. మరి ఆ ఆడవాళ్లు? ఫోటోల్లో ఉన్నారు. కానీ చాలా ఫోటోల కింద వాళ్ల పేర్లు లేవు. 1980ల్లో కేథీ క్లైమన్ అనే విద్యార్థిని వీళ్లెవరని అడిగింది. ఫోటో అందం కోసం నిలబెట్టినవాళ్లు అన్నారు. ఆమె నమ్మలేదు. వెతికింది. పేర్లు దొరికాయి. కే, బెట్టీ, జీన్, మార్లిన్, ఫ్రాన్, రూత్. 1997లో వాళ్లను గౌరవించారు. అప్పటికి 50 ఏళ్లు దాటాయి!

వస్తువును దాస్తే చాలదు. దాన్ని నడిపిన మనిషి పేరూ దాచాలి.

మీ ఇంట్లో పాత ఫోటో ఉందా? వెనక్కి తిప్పి చూడండి. పేర్లు లేవా? పెద్దవాళ్లను అడగండి. మీ చేత్తో మీరే రాయండి.