వేడికి దారి చూపే పెట్టె

2024 మే 29న ఢిల్లీ సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 46.8 డిగ్రీల ఎండ నమోదైంది. అలాంటి మధ్యాహ్నం గుర్గావ్ నుంచి ధౌలా కువా వైపు వచ్చే రోడ్డు మీద ఒక జాగ్వార్ ఎఫ్-టైప్ ట్రాఫిక్‌లో ఇరుక్కుందనుకోండి. పొద్దున ఆరు గంటలకు కాలు ఆనిస్తే చాలు ఉరికిన కారు ఇది. ఇప్పుడు ముందు సందు దొరికి, యజమాని కాలు గట్టిగా నొక్కినా బద్ధకంగా కదులుతుంది. ఇంజిన్ చెడిపోలేదు, పెట్రోలు కూడా పొద్దున పోయించినదే. తేడా అంతా ఆ ఇంజిన్ పీల్చే గాలిలో ఉంది. ఆ గాలిని చల్లబరిచే బాధ్యతంతా బానెట్ కింద కనబడకుండా ఉండే ఒక అల్యూమినియం పెట్టెది. దాని పేరు ఇంటర్‌కూలర్.

సైకిల్ ట్యూబులో గాలి కొట్టినవాళ్లందరికీ ఈ పెట్టె ఎందుకో సగం తెలిసినట్టే. ఇరవై సార్లు కొట్టాక పంపు అడుగు భాగం పట్టుకుంటే చేయి చురుక్కుమంటుంది. అందులో రాపిడి వల్ల పుట్టే వేడి కొంతే. గాలిని ఒత్తి ఇరుకు చోట కుక్కడానికి మన భుజం చేసిన పనే చాలావరకు వేడిగా మారుతుంది. సూపర్‌చార్జర్ కూడా అలాంటి పంపే. ఇంజిన్ తిప్పే బెల్టుతో తిరుగుతూ, సిలిండర్లలోకి మామూలుగా పట్టేదానికన్నా ఎక్కువ గాలిని నెడుతుంది. గాలి ఎక్కువైతే దానికి తగ్గట్టు పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బలం పెరుగుతుంది. చిక్కంతా ఒక్కచోటే ఉంది. ఒత్తిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది. కుక్కి సంపాదించిన దాంట్లో కొంత అలా చేజారిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. సూపర్‌చార్జర్ మామూలు గాలి పీడనం పైన 0.7 బార్ అదనపు ఒత్తిడి (బూస్ట్) ఇస్తోంది, దాని సామర్థ్యం 60 శాతం అనుకుందాం. బయట 20 డిగ్రీలుంటే పంపు దాటిన గాలి సుమారు 100 డిగ్రీలకు చేరుతుంది. బయట 45 ఉంటే అది 130 దాటుతుంది. ఇంత వేడి గాలి సిలిండర్‌లో చేరితే పెట్రోలు మిశ్రమం స్పార్క్ ప్లగ్ రేపిన మంట చేరకముందే అక్కడక్కడా తనంతట తాను అంటుకుంటుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. పిస్టన్ మీద సుత్తితో కొట్టినట్టుంటుంది. ఆ దెబ్బ నుంచి ఇంజిన్‌ను కాపాడటానికి కంప్యూటర్ నిప్పురవ్వ పడటాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది. దానితో బలం తగ్గుతుంది. మధ్యాహ్నపు బద్ధకం వెనకున్నది ఈ జాగ్రత్తే.

ఇప్పుడు మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టండి. ఒత్తడం వల్ల పెరిగిన వేడిలో 70 శాతం తీయగలిగితే 132 డిగ్రీల గాలి 71కి దిగుతుంది. అదే పీడనంలో అదే చోట ఆరో వంతు ఎక్కువ గాలి పడుతుంది, నాకింగ్ భయమూ తగ్గుతుంది.

పుట్టుక: కొలిమి నుంచి ఆకాశానికి

గాలి నెట్టే పంపు కార్ల కన్నా పాతది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌లో ఫిలాండర్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములు తమ ఉన్ని మిల్లు కోసం నీటితో తిరిగే చక్రం చేయబోయారు. అది నీళ్లతో తిరగడం కన్నా గాలి నెట్టడంలో బాగా పనికొచ్చింది. 1860లో దానికి పేటెంట్ వచ్చింది. ఇనుప కొలిములకు గాలి ఊదడానికి వాడిన ఆ యంత్రం పేరే నేటికీ రూట్స్ బ్లోయర్. 1885లో గాట్‌లీబ్ డైమ్లర్ ఇంజిన్‌లోకి గాలి నెట్టే ఆలోచనకు పేటెంట్ తీసుకున్నాడు. 1921లో బెర్లిన్ ప్రదర్శనలో మెర్సిడెస్ సూపర్‌చార్జర్ ఉన్న కార్లు చూపించింది. తరువాతి కాలంలో ఢిల్లీ రోడ్ల మీద కనిపించిన మెర్సిడెస్ కార్ల వెనక ‘కొంప్రెసోర్’ అన్న అక్షరాలు ఆ వంశం గుర్తులే.

పంపు వచ్చిన చాలాకాలానికి గానీ చల్లబరిచే పెట్టె అవసరం తీవ్రం కాలేదు. ఆ అవసరాన్ని రెండో ప్రపంచ యుద్ధం తెచ్చింది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలుచబడుతుంది. అక్కడ ఇంజిన్‌కు ఊపిరాడాలంటే దాన్ని ఇంకా గట్టిగా ఒత్తాలి. గణిత శాస్త్రజ్ఞుడు స్టాన్లీ హుకర్ రోల్స్-రాయిస్ మెర్లిన్ ఇంజిన్‌లో ఒకదాని వెనక ఒకటిగా రెండు సూపర్‌చార్జర్ చక్రాలు అమర్చే పని నడిపించాడు. గాలిని రెండు విడతలుగా ఒత్తితే వేడి సుమారు 200 డిగ్రీల దాకా పోతుంది. అందుకని మెర్లిన్ 60 వరసలో ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవంతో సంబంధం లేకుండా, సొంత పంపుతో, సొంత రేడియేటర్‌తో తిరిగే ఇంకో వలయం పెట్టారు. జర్మన్ ఫోకె-వుల్ఫ్ 190 ముందు వెనకబడుతున్న బ్రిటిష్ స్పిట్‌ఫైర్ యుద్ధవిమానానికి ఆ ఇంజిన్ బిగించారు. అలా వచ్చిన 9వ మార్కు 1942లో యుద్ధంలోకి దిగింది.

ఆ విమానాల చుట్టాన్ని చూడాలంటే ఢిల్లీ దాటనక్కర్లేదు. పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో 18వ మార్కు స్పిట్‌ఫైర్ ఉంది. దానిలోని, మెర్లిన్ తమ్ముడనదగ్గ గ్రిఫన్ ఇంజిన్‌లో కూడా రెండంచెల సూపర్‌చార్జర్, ఇంటర్‌కూలర్ ఉంటాయి. మ్యూజియంకు వెళ్లినవాళ్లు రెక్కల పైభాగం, తుపాకులు చూసి వెనుదిరుగుతారు. ఈసారి వంగి రెక్కల కింద చూడండి. అక్కడి పెట్టెలు వేడికి దారి చూపినవే.

మన రైలు పట్టాల మీద

కాజీపేట, గుత్తి షెడ్డుల్లో పనిచేసినవాళ్లకు ఈ పెట్టె కొత్త కాదు, పేరే వేరు. అక్కడ దాన్ని ఆఫ్టర్‌కూలర్ అంటారు. 1962లో అమెరికా ఆల్కో కంపెనీ నుంచి వచ్చి, 1964 నుంచి వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్‌కు 16 సిలిండర్లు, 2,600 గుర్రాల బలం. దాంట్లో గాలి నెట్టే టర్బోను తిప్పేది పొగ. ఒత్తిన గాలిని నీళ్లు చల్లబరుస్తాయి. అదే ఇంజిన్ బలాన్ని తరువాత 3,100 గుర్రాలకు పెంచారు. మెరుగైన టర్బో, కొత్త ఇంధన పంపులు, గట్టి పిస్టన్‌లతో పాటు ఆ మార్పుల్లో ఒకటి పెద్ద ఆఫ్టర్‌కూలర్. స్పోర్ట్స్ కారు యజమాని ఇవాళ చేయాలనుకునే పనిని మన రైల్వేలు వంద టన్నులు దాటిన యంత్రం మీద ఎప్పుడో చేశాయి. ఒక్క భాగాన్ని మార్చి ఊరుకోలేదు, మొత్తం గొలుసును మార్చాయి. ఆ పాఠం గుర్తుంచుకోవాలి.

గాలితోనా, నీళ్లతోనా?

కార్లలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది గాలితో గాలిని చల్లబరచడం. 1978 మోడల్ పోర్షె 911 టర్బో వెనక రెక్క కింద ఇలాంటి కూలర్ వచ్చింది. ఇంజిన్ 3 లీటర్ల నుంచి 3.3 లీటర్లకు పెరగడంతో కలిసి బలం 260 నుంచి 300 గుర్రాలకు చేరింది. 2006లో వచ్చిన లోటస్ ఎగ్జీజ్ ఎస్‌ది కూడా ఇదే పద్ధతి. దాని ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది, కూలర్‌కు గాలి పైకప్పు మీది తూము నుంచి వస్తుంది. బండి పరిగెడుతుంటే చక్కగా ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం గాలి రాదు, కింద ఇంజిన్ సెగ మాత్రం ఆగదు. చల్లబరచాల్సిన పెట్టే కాసేపటికి పెనంలా కాగుతుంది. అందుకే ఆ కారు యజమానులు కొందరు నీటి పద్ధతికి మారుస్తుంటారు.

రెండోది నీళ్ల పద్ధతి, చార్జ్‌కూలర్. ఒత్తిన గాలి వేడిని నీళ్లకిస్తుంది, చిన్న కరెంటు పంపు ఆ నీళ్లను కారు ముందున్న ప్రత్యేక రేడియేటర్‌కు పంపుతుంది, అక్కడ బయటి గాలి ఆ వేడిని తీసుకుపోతుంది. లోటస్ ఎవోరా ఎస్‌లో సూపర్‌చార్జర్ ఉన్నా చార్జ్‌కూలర్ లేదు, బలం 345 గుర్రాలు. 2015 నాటి ఎవోరా 400లో కొత్త సూపర్‌చార్జర్‌తో పాటు చార్జ్‌కూలర్ వచ్చింది, బలం 400కి పెరిగింది.

2013లో మన దేశానికి వచ్చిన ఎఫ్-టైప్ కూడా నీళ్ల పద్ధతిదే. వి ఆకారంలో వాలిన రెండు సిలిండర్ వరసల మధ్య లోయలో సూపర్‌చార్జర్ కూర్చుంటుంది. ఒకదానిలో ఒకటి దూరి తిరిగే మెలిపడ్డ రోటర్లు గాలిని నెడతాయి, రెండు పక్కలా ఉన్న రెండు కూలర్ల గుండా అది సిలిండర్లకు వెళుతుంది. అలాంటి కూలర్ లోపలి భాగమైన కోర్‌ను చేతిలోకి తీసుకుని చూడండి. చదునైన గొట్టాలు, వాటి మధ్య కాగితంలాంటి అల్యూమినియం మడతలు. గోరు తగిలితే వంగిపోయేంత పలుచన. వేడి దాటాలంటే గాలి లోహాన్ని వీలైనంత విశాలంగా తాకాలి, అందుకే అన్ని మడతలు. మడతలు మరీ దట్టంగా ఉంటే గాలికి ఊపిరాడదు, బూస్ట్ కొంత అక్కడే ఖర్చవుతుంది. ఈ రెంటి మధ్య రాజీయే మంచి కూలర్.

మార్చేముందు గొలుసు చూడాలి

ఎంత వేడి తీయాలో తెలిస్తే పని ఎంత పెద్దదో అర్థమవుతుంది. 400 గుర్రాల ఇంజిన్ పూర్తి జోరులో సెకనుకు సుమారు 0.3 కిలోల గాలి పీలుస్తుంది. దాన్ని 60 డిగ్రీలు చల్లబరచాలంటే 18 కిలోవాట్లు తీయాలి. మన స్నానాల గదిలోని 2 కిలోవాట్ల గీజర్లు తొమ్మిది ఒకేసారి వేసినంత వేడి! వలయంలో 5 లీటర్ల నీళ్లుండి, ముందు రేడియేటర్ ఆ వేడిని బయటికి పంపలేకపోతే నీళ్లు సెకనుకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున కాగుతాయి. పది సెకన్ల ఓవర్‌టేక్‌కు ఇబ్బంది లేదు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ మీద అయితే కథ వేరు. 2011 నుంచి 2013 వరకు ఫార్ములా వన్ పోటీలు జరిగిన ఆ 5.125 కిలోమీటర్ల ట్రాక్‌లో కిలోమీటరు దాటిన తిన్నటి దారి ఉంది. అక్కడ ల్యాప్ తరువాత ల్యాప్ నడిపితే నీళ్లు తేరుకోవడానికి సమయమే దొరకదు.

అందుకే కూలర్ పెంచాలని వచ్చిన యజమానికి నేను మొదట చెప్పే మాట: వేడి నడిచే దారి మొత్తం చూడండి. గాలి నుంచి కోర్‌కు, కోర్ నుంచి నీళ్లకు, పంపు ద్వారా ముందు రేడియేటర్‌కు, అక్కడి నుంచి బయటి గాలికి. ఈ దారిలో ఎక్కడ ఇరుకుందో అక్కడే డబ్బు పెట్టాలి. మన లెక్కలోని 70 శాతం కూలర్ తీసి 85 శాతంది పెడితే గాలి 71 నుంచి 58 డిగ్రీలకు దిగుతుంది. సాంద్రత పెరిగేది నాలుగు శాతమే. ఆ కోర్ వెనక నీళ్లు కాగిపోయి ఉంటే ఆ నాలుగు శాతం కూడా దక్కదు.

ఢిల్లీలో మొదటి ఇరుకు తరచుగా దుమ్మే. వేసవి దుమ్ము గాలులు, కట్టడాల సిమెంటు, ఎక్స్‌ప్రెస్‌వే మీద తగిలే పురుగులు ముందు రేడియేటర్ మడతల్లో పొరలుగా చేరతాయి. వెనక నుంచి ముందుకు మెల్లగా నీళ్లు కొట్టి కడగడం, వంగిన మడతలను దువ్వెనతో సరిచేయడం ఏ కొత్త భాగం కన్నా ముందు చేయాలి. తరువాత పంపు తిరుగుతోందా, వలయంలో గాలి బుడగ చిక్కుకుందా చూడాలి. రేడియేటర్ చుట్టూ సందులను స్పాంజి పట్టీలతో మూయాలి. గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుక్కుంటుంది, సందు ఉంటే మడతల్లోకి రాదు. కూలెంట్‌లో గడ్డకట్టనివ్వని గ్లైకాల్ ఎక్కువైతే వేడి మోసే శక్తి తగ్గుతుంది. నీళ్లు గడ్డకట్టే చలి ఢిల్లీలో అరుదు కాబట్టి తయారీదారు అనుమతించిన మేరకు దాన్ని తగ్గించవచ్చు, తుప్పు పట్టనివ్వని రసాయనం మాత్రం తప్పనిసరి. ఇవన్నీ అయ్యాకే పెద్ద రేడియేటర్, బలమైన పంపు, ఎక్కువ నీళ్లు పట్టే ట్యాంకు. కోర్ మార్చడం చివరి మెట్టు.

కొలత కూడా నమ్మదగ్గచోట ఉండాలి. ఆ మే 29నే ఢిల్లీలోని ముంగేశ్‌పూర్ వాతావరణ కేంద్రం 52.9 డిగ్రీలు చూపి దేశాన్ని ఉలిక్కిపడేలా చేసింది. తనిఖీలో అక్కడి పరికరం మూడు డిగ్రీలు ఎక్కువ చూపుతోందని తేలింది. కారులోనూ అంతే. సెన్సర్ సూపర్‌చార్జర్‌కు ముందుంటే కూలర్ తరువాతి వేడి దానికి తెలియదు. సిలిండర్‌లోకి పోయే గాలిని, వలయంలోని నీళ్లను విడివిడిగా కొలిచి, మార్పుకు ముందూ తరువాతా పోల్చినప్పుడే ఖర్చు ఫలించిందో లేదో తెలుస్తుంది.

ఎండ గీసిన గీత

బయటి గాలి 45 డిగ్రీలుంటే మామూలు కూలర్ ఏదీ అంతకన్నా కిందికి చల్లబరచలేదు. ఆ గీత దాటడానికి ఢిల్లీ ఇళ్లకు తెలిసిన ఉపాయం ఒకటుంది. కిటికీకి బిగించిన కూలర్ గడ్డి మీద నీళ్లు కారుస్తుంది, నీళ్లు ఆవిరవుతూ గాలి వేడిని తీసుకుంటాయి. సుబారు ఇంప్రెజా ఎస్‌టీఐ కార్లలో ఇంటర్‌కూలర్ మీద నీళ్లు చిమ్మే ఏర్పాటు చేసింది ఈ సూత్రంతోనే. పొడి మే నెలలో భేషుగ్గా పనిచేస్తుంది, జులై ఉక్కలో కిటికీ కూలర్‌లాగే చతికిలపడుతుంది. 2018 డాడ్జ్ చాలెంజర్ డెమన్ ఇంకో అడుగు వేసి, కారు ఏసీ చల్లదనాన్నే సూపర్‌చార్జర్ నీళ్లకు మళ్లించింది. ఇంధనంతో కూడా కొంత ఊపిరి దొరుకుతుంది. నాకింగ్‌ను తట్టుకునే 100 ఆక్టేన్ పెట్రోలును ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో మొదట తెచ్చిన పది నగరాల్లో ఢిల్లీ, గుర్గావ్, నోయిడా ఉన్నాయి. ఒక హెచ్చరిక. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యే మార్పులను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. కాబట్టి పని మొదలుపెట్టే ముందే ఆ సంగతి కనుక్కోండి.

ఎఫ్-టైప్ తయారీ 2024లో ఆగిపోయింది. సూపర్‌చార్జర్ హోరు ఢిల్లీ రోడ్ల మీద ఏటేటా తగ్గుతుంది. దాని పక్కనే ఇప్పుడు చప్పుడు లేని ఎలక్ట్రిక్ కార్లు నిలబడుతున్నాయి. అలాంటి కారు అడుగు విప్పి చూడండి. బ్యాటరీ చుట్టూ తిరిగే ద్రవం, దాన్ని తిప్పే చిన్న కరెంటు పంపు, ముందున్న రేడియేటర్, ఎండ మరీ మండితే చల్లదనం అప్పిచ్చే ఏసీ కనిపిస్తాయి. స్పిట్‌ఫైర్ రెక్క కింద మొదలైన వలయం అందులో ఇంకా తిరుగుతూనే ఉంది. మే నెలలో దాని మడతల్లోనూ ఢిల్లీ దుమ్మే చేరుతుంది. దాన్నీ కడగాల్సిందే.