తనంతట తాను నొక్కే మౌసు

కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి తన సమ్మతిని తెలియజేసే సాధనం మౌసు మీట. పత్రాన్ని భద్రపరచాలన్నా, రుసుము చెల్లించాలన్నా, ప్రయాణానికి టిక్కెట్టు తీసుకోవాలన్నా చివరకు చేయవలసినది ఒక్క క్లిక్ మాత్రమే. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకు రూపమిస్తూ బిల్ ఇంగ్లిష్ 1964లో తొలి మౌసును చెక్కడబ్బాలో అమర్చాడు. ఆనాటి నుండి మౌసు ఆకారం ఎంతగానో మారింది. మీటను నొక్కే వేలు మనిషిదే అన్న నమ్మకం మాత్రం చాలాకాలం నిలిచింది. ఆ నమ్మకాన్ని సడలించిన చిన్న సాఫ్ట్‌వేర్ పేరు ఆటో క్లికర్. చేతితో నిమిత్తం లేకుండా, కోరిన వేగంతో, కోరినన్ని పర్యాయాలు క్లిక్ చేయడమే దీని పని.

నిజానికి ఇది పనిచేసేటప్పుడు మౌసు మీట కిందికి దిగదు. మనిషి మీటను నొక్కినప్పుడు మౌసు నుండి ఆపరేటింగ్ సిస్టమ్‌కు రెండు సమాచారాలు వెళతాయి. మీట దిగిందన్నది మొదటిది, లేచిందన్నది రెండవది. ఆ రెండూ కలిస్తేనే ఒక క్లిక్. అవే సమాచారాలను ప్రోగ్రాములు కూడా పంపుకొనే ఏర్పాటు విండోస్ వంటి వ్యవస్థలలో ఉంది. ఆటో క్లికర్ ఆ దారినే వాడుకుంటుంది. అందుకొన్న ప్రోగ్రాము సాధారణంగా ఆ క్లిక్ వేలు చేసినదా, యంత్రం చేసినదా అని విచారించదు. అయితే ఇట్టి కృత్రిమమైన క్లిక్‌పై విండోస్ ఒక గుర్తు ఉంచుతుంది. పట్టుకోదలచిన ప్రోగ్రాముకు ఆ గుర్తు చాలు.

ఆటో క్లికర్లు చాలావరకు ఉచితంగానే లభిస్తాయి. జాగ్రత్త అవసరమయ్యేది ఇక్కడే. ఏదో ఒక చోటు నుండి దింపుకొన్న ఫైలు వెంట అడగని ప్రోగ్రాములు, వైరస్‌లు కూడా రావచ్చు. కాబట్టి తయారీదారు సొంత సైటు నుండే తీసుకొని, యాంటీవైరస్‌తో పరీక్షించిన పిదపనే తెరవాలి. విండోస్‌లో సామాన్యమైన పనికి దీనికి అడ్మినిస్ట్రేటర్ అధికారం అక్కరలేదు. కాని ఆ అధికారంతో నడుస్తున్న ప్రోగ్రాముపై, సాధారణ అధికారంతో నడిచే క్లికర్ చేసే క్లిక్‌లు చెల్లవు. విండోస్ విస్టాతో మొదలైన కట్టుబాటు ఇది. క్లికర్ చెడిపోయిందని కొందరు భ్రమపడేది ఇందువల్లనే. మ్యాక్ కంప్యూటర్లలోనైతే యాక్సెసిబిలిటీ విభాగంలో అనుమతి ఇవ్వవలసి ఉంటుంది.

క్లికర్ తెరవగానే కనిపించే అమరికలలో ముఖ్యమైనది విరామం, అనగా ఒక క్లిక్‌కూ మరొక క్లిక్‌కూ నడుమ గడిచే కాలం. దీనిని మిల్లీసెకన్లలో ఇస్తారు. 500 అని ఇస్తే సెకనుకు రెండు, నిమిషానికి 120 క్లిక్‌లు పడతాయి. ఎడమ మీటా, కుడి మీటా, ఒంటి క్లిక్కా, జంట క్లిక్కా అన్నవి తరువాత ఎంచుకోవాలి. ఎన్ని పర్యాయాలు చేయాలో సంఖ్య ఇవ్వవచ్చు, ఆపేవరకు సాగమనీ చెప్పవచ్చు. పాయింటర్ ఎక్కడ ఉంటే అక్కడే క్లిక్ చేయాలా, తెరపై నిర్ణయించిన ఒకే బిందువు వద్ద చేయాలా అన్నది మరొక అమరిక. వీటన్నిటికన్నా ముందుగా చూసుకోవలసినది ఆపే మీట. చాలా క్లికర్లలో అది ఎఫ్6 వంటి ఏదో ఒక మీటగా ఉంటుంది. ఆపడం తెలియకుండా ప్రారంభించినవాడు పాయింటర్‌ను ‘ఆపు’ బొత్తాం వరకు తీసుకువెళ్లడానికే నానా తంటాలు పడతాడు. దారిలో ఏది తగిలితే దానిపై క్లిక్ పడుతూనే ఉంటుంది మరి! విరామాన్ని సున్నాకు దగ్గరగా పెడితే కంప్యూటరు ఆ మీటను కూడా వెంటనే పట్టించుకోకపోవచ్చు.

అభ్యాసానికి విండోస్‌లోని క్యాల్‌క్యులేటర్ ఎంతో అనువైనది. అందులో 0, +, 1 అని చేతితోనే నొక్కి, పాయింటర్‌ను సమాన చిహ్నంపై ఉంచాలి. క్లికర్‌లో విరామం 1000, పర్యాయాలు 20 అని ఇచ్చి ప్రారంభిస్తే, ఒక్కొక్క క్లిక్‌కు ఒకటి చొప్పున పెరుగుతూ 20 సెకన్లలో ఫలితం 20కి చేరుతుంది. 40 వచ్చిందంటే జంట క్లిక్ ఎంపికై ఉన్నదని అర్థం. విరామాన్ని బాగా తగ్గించినప్పుడు లెక్క తక్కువ వచ్చిందా, పంపిన క్లిక్‌లన్నిటినీ ఆ ప్రోగ్రాము అందుకోలేకపోయిందన్నమాట. వేగం పెంచినంత మాత్రాన పని పెరగదని ఈ చిన్న ప్రయోగం కళ్లకు కడుతుంది.

ఆటో క్లికర్‌కు గానుగెద్దుతో సామ్యం ఉంది. కళ్లకు గంతలు కట్టిన ఎద్దు వలె ఇది తిరిగిన చోటే తిరుగుతుంది, ఎదుట ఏమున్నదో చూడదు. ‘తరువాత’ అనే బొత్తాం ఉన్నచోట ఏదైనా హెచ్చరిక వచ్చి, ‘తొలగించు’ అన్న మాట అక్కడ నిలిస్తే దానినీ క్లిక్ చేస్తుంది. అందుచేత విలువైన పత్రాలు తెరిచి ఉన్నప్పుడు దీనిని విడిచి వెళ్లరాదు.

వందలాది పుటలను ఒక్కొక్కటిగా దాటించవలసిన గుమాస్తాకు ఈ ఎద్దు మేలే చేస్తుంది. ఒకే కదలికను గంటల తరబడి చేయడం వల్ల మణికట్టుకూ వేళ్లకూ కలిగే నొప్పిని తప్పిస్తుంది. ఇతరులతో పోటీ ఉన్నచోట సంగతి వేరు. ఒక్కొక్క క్లిక్‌కు ఇంత అని వెల కట్టిన ప్రకటనలపై దొంగ క్లిక్‌లు పడితే నష్టపోయేది ప్రకటనదారు. ఇట్టి క్లిక్‌లపై ప్రకటనదారులు వేసిన దావాను గూగుల్ 2006లో 9 కోట్ల డాలర్ల మేరకు ఒప్పందంతో ముగించుకుంది.

మన దేశంలో ఈ పోటీ తత్కాల్ టిక్కెట్ల వద్ద కనిపిస్తుంది. ప్రయాణానికి ముందురోజు ఉదయం 10 గంటలకు ఎ.సి. తరగతులకు, 11 గంటలకు ఇతర తరగతులకు తలుపు తెరుచుకుంటుంది. ఆ కొద్ది నిమిషాలలో క్లిక్ చేయడమేగాక, ప్రయాణికుల వివరాలను కూడా తామే నింపే అక్రమ సాఫ్ట్‌వేర్లు పుట్టుకొచ్చాయి. అట్టిదానిని తయారుచేశాడన్న అభియోగంపై 2017 డిసెంబరులో సి.బి.ఐ. తన సొంత ప్రోగ్రామరునే అరెస్టు చేసింది. అత్యవసరంగా ఊరు చేరవలసిన మనిషి వేలు ఎంత చురుకైనదైనా యంత్రంతో పోటీ పడలేదు. 2025 జూలై నుండి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణను తప్పనిసరి చేయడానికి కారణాలలో ఇది ఒకటి.

వేలు కదపలేని వారి విషయంలో మాత్రం యంత్రం చేసే క్లిక్ మోసం కాదు, వారి గొంతుక. అమెరికాలోని బోస్టన్ కాలేజీలో రూపొందిన కెమెరా మౌస్ అనే ప్రోగ్రాము ముక్కు కొన వంటి ఒక గుర్తును కెమెరాతో అనుసరిస్తుంది. తల కదిలితే పాయింటర్ కదులుతుంది. ఒకచోట కొద్దిసేపు నిలిపితే అదే క్లిక్. ఈ నిలుపుడు క్లిక్ సదుపాయం మ్యాక్‌లోనూ, లినక్స్‌లోని గ్నోమ్‌లోనూ ఉంది. ఇక్కడ కూడా తేల్చుకోవలసినది కాలమే. నిలిపే వ్యవధి మరీ తక్కువైతే తెరపై చదవడానికి ఆగిన ప్రతిచోటా క్లిక్ పడిపోతుంది. మరీ ఎక్కువైతే ఒక్క మాట కూర్చడానికే మెడ అలసిపోతుంది. అందువల్ల ఒక సెకనుతో ప్రారంభించి, వాడే మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని, అతడు చాలునన్నంత వరకు కొద్దికొద్దిగా మారుస్తూ సరిచేస్తారు.