భూమి చట్టం – మనం నడవదగిన దారి



మన హాస్టల్లో ఏ గదికి వెళ్ళినా టీచరు, కానిస్టేబులు, గ్రూప్స్ అనే మాటలే వినిపిస్తాయి. అవి మంచి దారులే. అయితే ఇంకొక దారి కూడా ఉంది. దాని గురించి మనకు చెప్పేవారు తక్కువ. అదే భూమి చట్టం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. ఐదేళ్ళ లా పూర్తిచేసి ఇప్పుడు యల్.యల్.యం. చదువుతున్నాం. మాకు తెలిసినంత వరకు ఈ దారిని వరుసగా వివరిస్తాం.

ఎందుకు ఈ చట్టం?

మనలో చాలామంది ఇళ్ళల్లో ట్రంకు పెట్టె అడుగున ఒక పాత కాగితం ఉంటుంది. అది లావణి పట్టా. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి కాగితం. బిడ్డ పెళ్ళికో, ఆసుపత్రి ఖర్చుకో సాదా బైనామా మీద అమ్ముకుని, ఇక భూమి పోయిందనుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కానీ 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం అలాంటి అమ్మకం చెల్లదు. ఆ భూమిని స్వాధీనం చేసుకుని అసలు పట్టాదారుకు గానీ, వారసులకు గానీ తిరిగి అప్పగించే వీలు ఆ చట్టంలో ఉంది. ఈ సంగతి తెలియక ఊరుకున్నవారే ఎక్కువ.

పైగా చట్టాలు మారుతూనే ఉన్నాయి. 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం స్థానంలో తెలంగాణలో 2020లో కొత్త చట్టం వచ్చింది, ధరణి వచ్చింది, రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి. 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి చట్టం అమలులోకి వచ్చి, అధికారుల ఉత్తర్వులపై మళ్ళీ అప్పీలుకు దారి ఏర్పడింది. మారిన ప్రతిసారీ చదివి చెప్పే మనిషి మన వాడలో లేకపోతే నష్టపోయేది మనవాళ్ళే.

దారి ఎలా వేసుకోవాలి?

మొదటి మెట్టు ప్రవేశం. ఇంటర్ తర్వాత ఐదేళ్ళ లా, డిగ్రీ తర్వాత మూడేళ్ళ లా ఉన్నాయి. రెండింటికీ లాసెట్ రాయాలి. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. అందులో 60 న్యాయ అభిరుచికి సంబంధించినవే. ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి. మూడేళ్ళ కోర్సుకు ఎస్సీ, ఎస్టీలకు డిగ్రీలో 40 శాతం మార్కులు చాలు. నల్సార్ వంటి జాతీయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ రాయాలి. దాని ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది కనుక ఇంటర్ మొదటి ఏడాది నుంచే రోజూ ఇంగ్లీషు పేపరు చదవాలి. దూరవిద్యలో చదివిన లా డిగ్రీతో వకీలుగా నమోదు కాలేమని గుర్తుంచుకోండి.

రెండో మెట్టు కాగితం చదవడం. కాలేజీలో ఆస్తి బదలాయింపు చట్టం (1882), రిజిస్ట్రేషన్ చట్టం (1908) చెబుతారు. పహాణీ ఎలా చదవాలో మాత్రం మనమే నేర్చుకోవాలి. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంటి సర్వే నంబరు ఒకటి పట్టుకోండి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నుంచి నేటి వరకు ఎవరి పేరు ఉందో, ఎప్పుడు మారిందో, ఆ నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడండి. గట్టు ఎక్కడుందో, పొలానికి బాట ఎటునుంచో మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పట్నంలో పెరిగినవారికి లేని పెట్టుబడి ఇది.

మూడో మెట్టు నమోదు. బార్ కౌన్సిల్‌లు వేలకు వేలు వసూలు చేస్తున్నాయని దావా నడవగా, చట్టంలో ఉన్న 750 రూపాయలకు, ఎస్సీ, ఎస్టీలైతే 125 రూపాయలకు మించి నమోదు రుసుం తీసుకోరాదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తర్వాత అఖిల భారత బార్ పరీక్ష గట్టెక్కాలి.

నాలుగో మెట్టు అన్నిటికంటే కష్టం. సీనియర్ దగ్గర మొదటి రెండు, మూడేళ్ళు చేతికి పెద్దగా డబ్బు రాదు. "ఉద్యోగం ఎప్పుడు బిడ్డా?" అని ఇంట్లో అడుగుతూనే ఉంటారు. ఈ సంగతి లాలో చేరే ముందే అమ్మానాన్నలకు చెప్పాలి. ఎస్సీ లా పట్టభద్రులకు సీనియర్ల దగ్గర భృతితో శిక్షణ ఇచ్చే పథకం ఉంది. జిల్లా ఎస్సీ అభివృద్ధి శాఖ కార్యాలయంలో ప్రకటన గురించి అడుగుతూ ఉండండి. సివిల్, రెవెన్యూ కేసులు చూసే సీనియర్‌నే ఎంచుకోండి.

తర్వాత ఏమిటి?

బ్యాంకులకు, ఇల్లు కొనేవారికి 30 ఏళ్ళ లింకు దస్తావేజులు, ఈసీ చూసి అభిప్రాయం రాసివ్వవచ్చు. 500 చదరపు మీటర్లు గానీ, 8 ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టులన్నీ 2016 నాటి రెరా చట్టం కింద నమోదు కావాలి కనుక అక్కడా పని ఉంది. భూసేకరణ జరిగితే 2013 చట్టం ప్రకారం న్యాయమైన పరిహారం కోసం వాదించవచ్చు. జూనియర్ సివిల్ జడ్జి కావాలన్నా మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరి అని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒక్క మాట. ఈ రంగంలో డబ్బు కొనేవారి వైపే ఎక్కువ. ఫీజు తీసుకుని వారి పని చేయడం తప్పు కాదు. కానీ అసైన్డ్ భూమి అని తెలిసీ "టైటిల్ క్లియర్" అని సంతకం పెడితే, ఎక్కడో ఒక ట్రంకు పెట్టెలోని కాగితాన్ని మన చేత్తోనే చించినట్టు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలును పొందే హక్కు ఉంది. ఆ వకీలు మన హాస్టల్ నుంచి వెళ్ళినవాడైతే ఎంత బాగుంటుంది!

ఈ ఏడాది ఇంటర్, డిగ్రీ ముగిస్తున్న తమ్ముళ్ళలో ఒకరిద్దరైనా లాసెట్ దరఖాస్తు నింపండి. నింపడానికి, చదవడానికి మేము తోడుంటాం.