చుక్కాని పట్టకున్నా దారి తప్పని పడవ

1897 జూన్ 24న ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న థర్స్‌డే ఐలాండ్ నుంచి ఒక చిన్న తెరచాప పడవ బయల్దేరింది. 23 రోజులకు, 2,700 మైళ్ల అవతల, హిందూ మహాసముద్రంలోని కోకోస్ కీలింగ్ దీవుల్లో లంగరు వేసింది. పడవలో ఉన్నది ఒకే ఒక్క మనిషి. అన్ని రోజుల్లోనూ అతను చుక్కాని చక్రం పట్టుకున్నది మూడు గంటలు కూడా లేదు. రేవులోకి దూరడానికి పట్టిన సమయం కూడా అందులోనే ఉంది. మిగతా కాలమంతా వండుకున్నాడు, చదువుకున్నాడు, నిద్రపోయాడు. పడవ మాత్రం రాత్రీ పగలూ తన దారిన తాను పోతూనే ఉంది.

ఆ పడవ పేరు స్ప్రే, ఆ మనిషి జాషువా స్లోకమ్. ఒంటరిగా పడవలో భూమిని చుట్టివచ్చిన మొదటివాడు ఆయనే. ఆయన తెగువ గురించి చాలామంది చెప్పారు. కానీ ఎంత తెగువ ఉన్నా ఒక మనిషి రోజుకు 24 గంటలు చుక్కాని దగ్గర నిలబడలేడు కదా! ఆ పని చేసిపెట్టింది పడవే. ఎలా చేసిందో తెలియాలంటే ముందు దాని పుట్టుక తెలియాలి.

స్లోకమ్ 1844లో కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టాడు. చిన్ననాడే ఓడ ఎక్కి, అమెరికా వాడై, పెద్ద పెద్ద తెరచాప ఓడలకు కెప్టెన్ అయ్యాడు. ఆయన ఎదిగే కాలానికే ఆ వృత్తి కిందికి జారడం మొదలైంది. 1869లో తెరిచిన సూయజ్ కాలువ ఆవిరి ఓడలకు కలిసొచ్చింది. ఇరుకైన కాలువ, గాలి అనుకూలించని ఎర్ర సముద్రం తెరచాపలకు పనికిరాలేదు. 1880లలో ఒకే ఆవిరిని వరసగా మూడు సిలిండర్లలో వాడుకునే ఇంజన్లు వ్యాపించి బొగ్గు ఖర్చు బాగా తగ్గించాయి. 1887 చివర్లో స్లోకమ్ సొంత ఓడ అక్విడ్‌నెక్ బ్రెజిల్ తీరంలో పగిలిపోయింది. అక్కడే 35 అడుగుల పడవ ఒకటి కట్టుకుని, భార్యను, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని అమెరికా చేరాడు. తీరా చేరాక చేతిలో పని లేదు.

1892లో బోస్టన్‌లో ఈబెన్ పియర్స్ అనే పాత తిమింగలాల వేట కెప్టెన్ తన దగ్గరో ఓడ ఉందని, కాస్త మరమ్మతు చేసుకుంటే చాలని చెప్పాడు. ఫెయిర్‌హేవెన్ అనే ఊరికి వెళ్లి చూస్తే నీటికి దూరంగా, పొలంలో, గుంజల మీద నిలబెట్టి గుడ్డ కప్పిన ముసలి పడవ! ఒకప్పుడు ఆల్చిప్పలు పట్టడానికి వాడేవారట. ఊళ్లో వాళ్లు స్లోకమ్ దాన్ని విరగ్గొట్టడానికే వచ్చాడనుకున్నారు.

ఆయన మాత్రం దగ్గర్లోని పచ్చికబీడులో ఒక ఓక్ చెట్టు కొట్టి కొత్త అడుగుదూలం చెక్కాడు. పక్కటెముకల కర్రలు వంచడానికి ఒక పెట్టె చేసి, కింద కుండలో నీళ్లు కాచి, ఆ ఆవిరిలో కర్రను మెత్తబరిచాడు. తన వృత్తిని మింగిన ఆవిరినే ఆ పడవ కట్టడానికి వాడుకున్నాడు. ఒకటిన్నర అంగుళం మందం పైన్ పలకలు తాపడం చేశాడు. 13 నెలలు పట్టింది, సామానుకు 553 డాలర్ల 62 సెంట్లు అయింది. పాత పడవలో ఒక్కో ముక్కా తీసి కొత్త ముక్క వేసుకుంటూ పోయాడు కాబట్టి చివరికి అది పాతదా కొత్తదా అని తగువు పెట్టుకోవచ్చు. పొడవు 36 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళాలు, లోపలి లోతు 4 అడుగుల 2 అంగుళాలే. పడవ నిలకడగా ఉండడానికి అడుగున సిమెంటు కాంక్రీటు వేసి, కదలకుండా బిగించాడు. అడుగుదూలం కింద సీసంగానీ ఇనుముగానీ తగిలించలేదు. ఈ ముక్క గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తుంది.

1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుంచి బయల్దేరాడు. రేఖాంశం కచ్చితంగా లెక్కకట్టాలంటే నమ్మకమైన గడియారం కావాలి. తన దగ్గరున్నది బాగుచేయించాలంటే 15 డాలర్లు అడిగారు. మానేసి, ముఖం పగిలిన రేకు గడియారం ఒకటి డాలరుకే కొనుక్కున్నాడు. మధ్యధరా సముద్రం మీదుగా తూర్పుకు పోదామనుకుంటే, జిబ్రాల్టర్‌లో బ్రిటిష్ నౌకాదళ అధికారులు ఆ దారిలో దొంగల భయం ఉందన్నారు. అక్కడినుంచే వెనక్కి తిరిగి, అట్లాంటిక్ దాటి, దక్షిణ అమెరికా కొసమీదుగా పడమర పట్టాడు. బ్యూనస్ ఎయిర్స్‌లో తెరచాప కొయ్యను ఏడడుగులు కోసి పొట్టి చేశాడు. మెజెల్లాన్ జలసంధి దగ్గర పడవ వెనక భాగంలో రెండో చిన్న తెరచాప జోడించాడు. ఇలా దారిపొడవునా దిద్దుకుంటూ పోయాడు.

ఇక అసలు కిటుకు. తెరచాప మీద గాలి నెట్టే నెట్టుడంతా ఒక బిందువు దగ్గర పనిచేస్తున్నట్టు లెక్క వేయవచ్చు. నీరు పడవను పక్కకు పోనివ్వకుండా అడ్డే బలానికీ అలాంటి బిందువే ఉంటుంది. గాలి బిందువు మరీ వెనక పడితే పడవ ముక్కు గాలివైపు తిరుగుతుంది, మరీ ముందుకు పోతే గాలికి దూరంగా తిరుగుతుంది. ఆ తేడాను సరిదిద్దడానికే మనిషి చుక్కాని తిప్పుతూ ఉండాలి. గాలిపటానికి సూత్రం సరిగ్గా కుదిరితే పైన తనంతట తాను నిలబడుతుంది, కుదరకపోతే గింగిరాలు కొడుతుంది. ఇక్కడా జరిగేది అదే. 1909లో సి. ఆండ్రేడ్ అనే ఆయన స్ప్రే కొలతలు తీసుకుని ‘ది రడ్డర్’ పత్రికలో లెక్కలు కట్టి చూపాడు: ఆ రెండు బిందువులూ దాదాపు ఒకే నిలువు గీత మీదున్నాయి.

దానికి తోడు అడుగుదూలం పొడవుగా, తిన్నగా ఉండడంతో పడవ తొందరపడి తిరగదు. గాలి వెనకనుంచి వీచేటప్పుడు స్లోకమ్ పెద్ద తెరచాపను బయటికి వదిలి, ముందున్న చిన్న తెరచాపను మధ్యకు లాగి బిగించి, చక్రాన్ని తాడుతో కట్టేసేవాడు. పడవ ముక్కు గాలివైపు తిరగబోతే ముందు తెరచాపలో గాలి నిండి దాన్ని వెనక్కి నెట్టేది. తన తప్పును తనే దిద్దుకునే ఈ ఏర్పాటులో ఒక్క పళ్లచక్రమూ లేదు, ఒక్క స్ప్రింగూ లేదు.

ఆవిరి యుగం ఆయనకు శత్రువే కాదు, దారి కూడా వేసింది. సముద్రాలను కొలిచి అచ్చేసిన పటాలు, చౌకగా దొరికే గడియారం, రేవు రేవుకూ ఉత్తరాలు మోసే ఆవిరి ఓడలు అన్నీ ఆ కాలం చలవే. 1898 మే 14న బ్రెజిల్ సమీపంలో అమెరికా యుద్ధనౌక ఓరెగన్ ఎదురైంది. అప్పటికి స్పెయిన్‌తో యుద్ధం మొదలైంది. దగ్గర్లో యుద్ధనౌకలేమైనా ఉన్నాయా అని ఓరెగన్ జెండాలతో అడిగింది. లేవని చెప్పి, ఒకరికొకరు రక్షణగా కలిసి వెళ్దామా అని స్ప్రే బదులు ఎగరేసింది! జూన్ 27న అమెరికాలోని న్యూపోర్ట్ చేరేసరికి మొత్తం 46,000 మైళ్లు.

1909లో స్లోకమ్ అదే పడవలో దక్షిణ అమెరికాకు బయల్దేరి మళ్లీ కనబడలేదు. రాత్రిపూట ఏ ఆవిరి ఓడో గుద్ది ఉండొచ్చని కొందరు, పడవే బోల్తా పడి ఉండొచ్చని కొందరు ఊహించారు. రెండో ఊహకు ఆధారం ఆ కాంక్రీటే. వెడల్పాటి పడవ కొంతవరకు ఒరగదు, కుదురుగా ఉంటుంది. కానీ ఒక హద్దు దాటి ఒరిగితే, అడుగుదూలం కింద లాగే బరువు లేదు కాబట్టి లేవదు, తలకిందులుగానే ఉండిపోతుంది. పడవల రూపశిల్పి జాన్ హన్నా అనుభవం లేనివాళ్లు స్ప్రే నమూనా పడవల్లో నడిసముద్రంలోకి వెళ్లొద్దని హెచ్చరించింది అందుకే. కుదురునిచ్చిన ఆ వెడల్పే ఒరిగాక పడవను లేవనివ్వదు.

నిలకడగా ఉండడం, దారి పట్టడం అనే ఈ రెండు పనులనూ తర్వాతివాళ్లు విడదీశారు. లేచి నిలబడే పని అడుగున వేలాడే సీసానికి ఇచ్చారు. దారి పట్టే పని గాలిదిక్కును పసిగట్టి చుక్కానిని తిప్పే రెక్కకు అప్పగించారు. 1960లో అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటే మొదటి పోటీలో బ్లాండీ హాస్లర్, ఫ్రాన్సిస్ చిచెస్టర్ అలాంటి రెక్కలతోనే వెళ్లారు. 2017-18లో భారత నౌకాదళ మహిళలు తారిణి అనే తెరచాప పడవలో భూమిని చుట్టారు. ఆరుగురిలో విశాఖపట్నం నుంచి స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య ఉన్నారు. అంత ఆధునికమైన పడవ కూడా చుక్కాని యంత్రాంగంలో లోపం వచ్చి మారిషస్‌లో ఆగి బాగుచేయించుకోవలసి వచ్చింది. పని విడదీస్తే పడవ భద్రం, కానీ చెడిపోయేందుకు ఒక భాగం అదనంగా వచ్చి చేరుతుంది. స్ప్రేలో ఆ భాగం లేదు, ఆ భద్రతా లేదు. పడవ కట్టే ప్రతి తరమూ ఈ రెంటిలో దేన్ని ఎంత వదులుకోవాలో తన లెక్క తాను వేసుకోవలసిందే.