జ్వరము విడిచిన తరువాతి పరుగు

భిలాయిలో రిసాలి వీధులనుండి మైత్రీబాగ్ దిక్కుగా వేకువనే పరుగెత్తువారికి వానకాలపు జ్వరము కొత్తది కాదు; అది విడిచిన పిమ్మట మరల ఏనాడు బూట్లు తొడుగవలెనన్న ప్రశ్నకు మాత్రము మందుల చీటిలో సమాధానము అరుదుగా దొరకును గనుక, ప్రతివాడును దానిని తన ఉబలాటమునకే విడిచిపెట్టుచున్నాడు.

2018వ సంవత్సరపు వర్షర్తువులో డెంగీ ఈ ఉక్కునగరమును పీడించి పలు కుటుంబములకు తీరని శోకము మిగిల్చినది. ఆ వ్యాధియందొక దారుణమైన వైపరీత్యము కలదు: ఒళ్లు కాలుచున్నన్నాళ్లు మంచము విడువని రోగి, మూడవ దినము మొదలు ఏడవ దినము లోపల తాపము దిగగానే గండము గడచినదనుకొనును, కాని రక్తనాళములనుండి ద్రవము స్రవించి, ప్లేట్‌లెట్లు క్షీణించి, రక్తపోటు పడిపోవు ప్రమాదఘడియలు తరచు మొదలగునది అప్పుడే. థర్మామీటరు చెప్పినది ఆరోగ్యమునకు అంగీకారపత్రము కాదు.

దేహము పరుండియున్నను హృదయము విశ్రమింపదు. ఉష్ణము ఒక్క సెల్సియస్ డిగ్రీ హెచ్చిన నాడి నిమిషమునకు ఇంచుమించు 10 మారులు అధికముగా కొట్టుకొనును. కొన్ని వైరస్‌లు గుండెకండరమునకే వాపు కలిగించును. స్వీడన్‌లో పటమును, దిక్సూచిని చేతబట్టి అరణ్యములలో పరుగుపందెములాడు యువక్రీడాకారులు 1979–1992 నడుమ 16 మంది హఠాత్తుగా మరణింపగా, పరీక్షలలో పలువురి హృదయములందు అట్టి వాపు జాడలు కనబడినవి. అది నిర్ధారణమైనవారిని వైద్యులు సాధారణముగా 3 మొదలు 6 మాసములు కఠినవ్యాయామమునకు దూరముగా నుంచుదురు.

పోయిన సత్తువ రాదేమోనన్న బెంగయే తొందరకు మూలము. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో అయిదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారములు మంచముపై నుంచగా, ప్రాణవాయువును వినియోగించుకొను వారి గరిష్ఠశక్తి నాలుగవ వంతుకు మించి తగ్గినది. పిదప శిక్షణతో ఆ లోటంతయు పూడినది. అట్లు మరలివచ్చు దానికై ప్రాణము నొడ్డనేల?

ఈ విషయమున నేను మన పెద్దల పక్షము. ఉత్తరాంధ్ర పల్లెలనుండి ఇక్కడి ఉక్కు కర్మాగారమునకు తరలివచ్చిన వారియిండ్లలో, జ్వరము విడిచిన బిడ్డకు మొదట జావ, పిమ్మట చారన్నము, ఆపైని బీరకాయకూర. ఆకలికేడ్చినను అంతకుమించి పెట్టరు, తిరగబెట్టునన్న భీతిచేత. పరుగునకును అట్టి పథ్యమే కావలెను. పారాసిటమాల్ సాయము లేకయే జ్వరము దూరమై, మేడమెట్లెక్కినను ఆయాసము కలుగక, మేల్కొనగానే మంచముమీదనే చూచుకొన్న నాడి పూర్వపు లెక్కకు దిగినప్పుడు, మొదట కొన్నినాళ్లు నడక. పిదప, ప్రక్కవానితో మాటలాడగలిగినంత మెల్లగా స్వల్పదూరపు పరుగు. మరునాటి ఉదయము నాడి హెచ్చియున్నను, నీరసము వీడకున్నను, ఆ దినము మరల నడకయే. రాత్రి షిఫ్టు చేసి నిద్రలేక వచ్చినవాని నాడి ఆ పూట నమ్మదగినది కాదు. కంటినిండ నిద్రించిన పిమ్మటనే చూచుకొనవలెను.

ఛాతీలో నొప్పి, కన్నులు తిరుగుట, అకారణముగా గుండెదడ — వీనిలో ఏది కలిగినను అక్కడికక్కడ పరుగు నిలిపి, సెక్టరు 9లోని ఆసుపత్రికో సమీపవైద్యునికడకో పోయి, ఆనాడే ఇ.సి.జి. తీయించుకొనవలెను.